చెల్లి నా వెనక నడిచిన రోజులు

మొన్న జాకెట్టు కొలతలకి వెళ్తే మా చోడవరం టైలరక్క మెడలో టేపు వేసుకుని నా చుట్టూ రెండుసార్లు తిరిగింది. "ఏటమ్మా, కొలతల్లో ముందొక మనిషి, ఎనకొక మనిషిలాగున్నావు. కాస్త తిన్నగా నిలబడు," అంది. నవ్వేసి భుజాలు వెనక్కి తీసుకున్నాను. అలా తీసుకున్నప్పుడల్లా నాకు మా చెల్లి, హైస్కూలు వెనక గోడ, సాఫ్ట్‌బాల్ గుర్తొస్తాయి. వాటితోపాటు, ఎవరూ నా మీద మోపకపోయినా నేనే మోసుకు తిరుగుతున్న ఒక తప్పు కూడా.

నేను ఏడో తరగతిలోనే అమ్మని దాటి పొడుగైపోయాను. ఆ పొడుగును ఎక్కడ దాచుకోవాలో తెలియక ఒంగడం మొదలుపెట్టాను. క్లాసులో వెనక బెంచీలో ఒంగి, లైబ్రరీ పుస్తకం మీద ఒంగి, ఆదివారం బైబిలు గుండెలకి హత్తుకుని చర్చికి ఒంగి నడిచేదాన్ని. నాకంటే ముందు నా ముక్కు చర్చికి చేరుతుందని నాన్న ఎగతాళి చేసేవాడు. అమ్మకి మాత్రం నా నడక మహా ముచ్చట. ముందు నడుస్తూ, తల మీద కొంగు సవరించుకుంటూ వెనక్కి తిరిగి, నా వెనక గెంతుతూ వచ్చే చెల్లితో, "అక్కని సూసి నేర్సుకోయే. తలొంచుకుని ఎంత ఒద్దికగా నడుస్తాదో సూడు," అనేది. చెల్లి గెంతడం మానేది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం గర్వంగానే ఉండేది. మా ఇంట్లో నన్ను మెచ్చుకునే సందర్భాలు అంత ఎక్కువగా వచ్చేవి కావు.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి చెల్లి స్కూలు సాఫ్ట్‌బాల్ టీములో బాల్ వేసే పిల్ల అయింది. పిచ్చర్ అంటారట. ఈ ఆటలో బాల్‌ని క్రికెట్‌లోలాగ పైనుంచి వెయ్యరు. చెయ్యిని చక్రంలా ఒక చుట్టు తిప్పి, కిందనుంచి, తుంటి పక్కనుంచి వదలాలి. వదిలే క్షణంలో వెన్ను నిటారుగా ఉండాలి. చెల్లి చేతిలో వేగం ఉంది కానీ, ఆ వేగానికి దారి తెలియదు. బాల్ ఒకసారి అవతల దాన్ని పట్టుకునే క్యాచర్ తల మీదుగా పోయేది, ఇంకోసారి బ్యాటు పట్టుకున్న పిల్ల నడుముకేసి పోయేది. పీఈటీ మేడమ్ ముందు మణికట్టు సరిచేసింది, తర్వాత అడుగు సరిచేసింది. చివరికి దాన్ని గోడ పక్కన నిలబెట్టి, గోడకి తగలకుండా చెయ్యి తిప్పమంది. రోజూ తగిలేది. వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోయి ఇంటికొచ్చేది. అమ్మ కొబ్బరినూనె రాస్తుంటే నాన్న పేపరు మడిచి, "ఈసారి జిల్లా టీములోకి రాకపోతే ఇంక ఆట మానీ. వచ్చేది టెన్తు," అన్నాడు. చెల్లి చెయ్యి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు దాన్ని తీసుకురావడానికి గ్రౌండుకి వెళ్లాను. ఇద్దరం గేటు వైపు నడుస్తుంటే వెనకనుంచి మేడమ్ పెద్దగా నవ్వింది.

"ఓలమ్మో! ఒసే గుంటా, ఆగు. ఇద్దరూ ఆగండి. ఒకే అచ్చులో పోసినట్టున్నారు కదే!"

దగ్గరికొచ్చి చెల్లి భుజాల మధ్య వేలు పెట్టి నొక్కింది, తర్వాత నా భుజాల మధ్య. "నేనిన్నాళ్లూ చెయ్యి సూస్తన్నాను. రోగం ఈపులో ఉంది. భుజాలు ముందుకి పడితే చెయ్యి తిన్నగా ఎలా తిరుగుతాది? నీకిలా నడవడం ఎవులు నేర్పేరే?"

"అమ్మే కదండీ, అక్కలాగ నడవమంది," అంది చెల్లి.

మేడమ్ నవ్వు ఆగిపోయింది. నాతో మెల్లగా, "నా దగ్గర గంటసేపుంటాది. నీ ఎనకాల రోజంతా ఉంటాది. నువ్వు తిన్నగా లేకపోతే నేనేటి సెయ్యగలను తల్లీ," అంది.

ఆవిడ తిట్టి ఉంటే మనసులోనైనా ఎదురు చెప్పుకునేదాన్ని. దారి పొడుగునా నాకు చెల్లి వేళ్లే కనిపించాయి.

మర్నాటినుంచి నేనూ స్కూలు గ్రౌండులో చెల్లి పక్కన గోడకి నిలబడ్డాను. మడమలు, వీపు, భుజాలు, తల, అన్నీ గోడకి ఆనాలి. అటుపక్క కబడ్డీ కుర్రాళ్లు. నేను చున్నీ సర్దుకుంటూనే ఉన్నాను. "అక్కా, ఊపిరి తీసుకో, సచ్చిపోతావు," అంది చెల్లి. ఇంట్లో అన్నం తింటూ కూడా ఒకరి వీపు ఒకరం కనిపెట్టుకునేవాళ్లం. బాల్ వేసేటప్పుడు చెల్లి చెయ్యి గోడకి తగలడం తగ్గింది. బాల్ మెల్లగా దారికొచ్చింది.

సెలక్షన్లకి ముందు వచ్చిన ఆదివారం, చర్చి దారిలో అమ్మ వెనక్కి తిరిగింది. "ఏటే ఇద్దరూ అలా రొమ్ము ఇరుసుకుని నడుస్తన్నారు? జనం సూడరా?"

నా భుజాలు వాటంతటవే ముందుకి పడ్డాయి. తిరిగి చూస్తే చెల్లివీ పడ్డాయి. అమ్మ మాట దాని చెవికెక్కడం అరుదు. అది నన్ను చూసి ఒంగింది.

చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఆగాను. "నువ్వు ముందు నడు," అన్నాను.

"ఎందుకక్కా?"

"నడవే. గోడ ఉందనుకుని నడు."

అది నన్ను దాటి ముందుకెళ్లింది. చూడ్డానికి ఎదురుగా నా వీపు లేకపోయేసరికి కాసేపటికి దాని తల లేచింది. అమ్మ మళ్లీ నోరు తెరవబోతే, "దాన్నేటీ అనకమ్మా. ఆటకి అలాగే ఉండాలంట," అన్నాను. "నీకూ నోరొచ్చిందే," అని అమ్మ విసవిసా నడిచింది. నేను మాత్రం ఎప్పటిలాగే ఒంగి, నేల చూస్తూ చెల్లి వెనక నడిచాను.

విశాఖపట్నంలో సెలక్షన్ల రోజు బాల్ క్యాచర్ గ్లౌజులో పడిన చప్పుడు నేను కూర్చున్న చోటికి వినిపించింది. చెల్లి పేరు పిలిచారు. సాయంత్రం చోడవరంలో బస్సు దిగి, సంచి భుజానికి తగిలించుకుని అది నా ముందు నిటారుగా నడిచింది. సంతోషంతో నాకు కళ్లు చెమర్చాయి. దాని వీపుని అంతసేపు చూడటం నాకదే మొదటిసారని అప్పుడు తట్టింది. అంతకుముందు అన్నేళ్లూ అదే నా వీపుని చూసింది, నేను తిరిగి చూడనే లేదు. మనల్ని చూసి ఒకరు పెరుగుతున్న కాలం మనకి తెలియకుండా మన వెనకే గడిచిపోతుంది; తెలిసేసరికి వాళ్లు మనల్ని దాటి ముందుకి వెళ్లిపోయి ఉంటారు.