మూగ యుద్ధానికి నా నోరు

ఉగాది దాటినంక వచ్చిన మొదటి ఆదివారం, పొద్దున పదకొండు గంటలకు, కొత్వాల్‌గూడ కమ్యూనిటీ హాల్ల నాకు చదువు రాదని తేల్చిండ్రు. అప్పటికి రెండేండ్ల సంది చదువుకుంటున్న.

పెద్దల బడి నడిపే సారు ఆ దినం వందేండ్ల కిందటి మూగ సినిమా చూపెట్టిండు. తెల్లదొరలు ఎక్కడనో నల్లోళ్ల దేశం మీద చేసిన యుద్ధం. బొమ్మకూ బొమ్మకూ నడుమ మాటలు రాసిన అట్ట వస్తది. సారు వాటిని తెలుగుల రాయించిండు. వెనుకట అక్షరం రానోళ్ల కోసం ఒకరు నిలబడి ఆ అట్టలు గట్టిగ చదివెటోళ్లట. ఆ పని నాకు చెప్పిండు. నేను ఒప్పుకున్నది ఒక్కందుకే. నాది చదువు కాదు, బట్టీ అని మా ఇంటాయన ఊరంత చెప్పుకుంట తిరుగుతడు. ఎన్నడూ చూడని రాత ఆయన ముందట చదవాలె.

మొదటి అట్టలు తప్పు లేకుంట చదివిన. నాతోని బడికొచ్చే పక్కింటి ముస్లిం పెద్దామె, మేం ఖాలా అంటం, తలూపింది. బొమ్మకు చప్పుడు లేదు, పక్కనున్న ఎయిర్‌పోర్టుకు కప్పు మీదికెళ్లి పోయే విమానాల మోత తప్ప. ఈటెలు పట్టుకున్నోళ్లు తుపాకులకు పడిపోతున్నరు. పాత బొమ్మ కదా, ఉరికురికి నడుస్తది. మనుషులు గిర్రున తిరిగి పడుతుంటే హాలంత నవ్వు. మా కోడలు నవ్వి నవ్వి కండ్లు తుడుచుకున్నది.

ఇగ గుడిసెలు అంటుకున్నయి. ఒక ముసలామె కోడిని సంకల పెట్టుకొని బయటికొచ్చింది. సిపాయి ఆమెను తన్ని కోడిని గుంజుకున్నడు. అట్ట వచ్చింది: "మన వీరులు దొంగల స్థావరమును శుభ్రము చేసిరి."

ప్రతి అక్షరం తెలిసింది. ఆ మాట నా నోట్లకెళ్లి రాలేదు.

"ముసలిదాన్ని తన్ని కోడిని ఎత్తుకపోయిండ్రు" అని చదివిన.

చదువొచ్చినోళ్లు పగలబడి నవ్విండ్రు. అక్కడున్నదే చదువమ్మా అన్నడు సారు. అక్కడున్నదే చదివిన అన్న నేను.

మా ఇంటాయన లేచి నిలబడ్డడు. "చూసిండ్రా? బొమ్మను చూసి చెప్తది. దీనికి అక్షరం రాదు."

సారు మైకు తీసుకొని మా కోడలికిచ్చిండు. ఆమె అదే అట్ట గడగడ చదివింది. చప్పట్లు కొట్టిండ్రు.

పోయేటప్పుడు హాజరు వేస్తుంటే సారు నా ముందట వేలిముద్రకు సిరా డబ్బీ పెట్టిండు, ప్రేమగనే. పక్కకు జరిపి పూర్తి పేరు రాసిన. సంతకమన్న నేర్చింది అన్నడు మా ఇంటాయన.

ఆ దినం ఉన్నోళ్లు: సారు, మా ఇంటాయన, మా కోడలు, కొత్తూరు నుంచి వచ్చిన మా ఆడబిడ్డ, బడికొచ్చే ముసలోళ్లు, నేను. ఖాలా గూడ. నేను కోడి మాట చదివినప్పుడు ఆమె గూడ నవ్వింది.