సన్నాయి మొక్కుకున్న ఒక్క ఆత్మ

మా చర్చి పాటల బృందంలో ఆమె పాడితే మైకు అక్కర్లేదు. అందుకే ఆమెకి సన్నాయి అని పేరు పెట్టాను. ఆ పేరు ఎంతగా అంటుకుపోయిందంటే, కాలేజీలో హాజరు వేసేటప్పుడు అసలు పేరు పిలిస్తే ఎవర్నో అనుకుని పక్కకి చూసేది. తండ్రి బస్సు కండక్టరు. తల్లికి ఇల్లు, చర్చి తప్ప మూడో చోటు తెలియదు. వాళ్లకి ఒక్కతే కూతురు.

డిగ్రీ రెండో ఏడు పూర్తయిన వేసవిలో మా ఇద్దర్నీ ఎనిమిది వారాల సువార్త శిక్షణకి ఒక బౌద్ధ దేశం పంపారు. పంపినాయన మా పాస్టరుగారు, నాకు స్వయానా మేనమామ. నిజం చెప్పడానికి నాకేం మొహమాటం లేదు, నేను విమానం ఎక్కే సరదాతో వెళ్లాను. సన్నాయి వెళ్లింది ఒక పని మీద. అదేమిటో ఐదో వారం దాకా నాకూ చెప్పలేదు.

అప్పటికే ఏడాదిగా వాళ్ల నాన్నకి రెండు కిడ్నీలూ పనిచేయడం లేదు. వారానికి రెండుసార్లు మిషను మీద పడుకోబెట్టి రక్తం శుభ్రం చేసేవారు. అలాంటి మనిషిని వదిలి ఎలా వెళ్తోంది ఈ పిల్ల అని చర్చిలో గుసగుసలాడారు. నేనూ అనుకున్నాను. అడగలేదు, అంతే.

మేం దిగింది ఒక బట్టల కొట్టు పై అంతస్తులో. మూడు గదులు. ముందు గదిలో పొద్దున ఇంగ్లీషు క్లాసు, మధ్యాహ్నం ఆడవాళ్లకి కుట్టు క్లాసు, ఆదివారం ఆరాధన. నడిమి గదిలో డైరెక్టరు అంకుల్, ఆంటీ ఉండేవారు. ఇద్దరూ మన వైపు నుంచే వెళ్లి ఇరవై ఏళ్లుగా అక్కడే స్థిరపడిపోయారు. వెనక గది మాది. అందులో రెండు పరుపులు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను గాలి ఇచ్చేది తక్కువ, గొణిగేది ఎక్కువ.

కుట్టు నేర్పే ఆవిడకి నలభై అయిదేళ్లుంటాయి, భర్త లేడు, పిల్లలు లేరు. మేం కుట్టక్క అనేవాళ్లం. ఆవిడ అన్నగారు ఆ ఊళ్లోనే బౌద్ధ సన్యాసి. తెల్లారకుండానే లేచి మఠం వాళ్ల వస్త్రాలు కుట్టి, మధ్యాహ్నం మా దగ్గరికి వచ్చేది. అంకుల్ ఆమెకి ఇరవై ఏళ్లుగా సువార్త చెబుతున్నాడట. శ్రద్ధగా వింటుందట, చివర్లో "చాలా బాగుంది" అంటుందట, వెళ్లి మిషను తొక్కుకుంటుందట. వచ్చీరాని వాళ్ల భాష, వచ్చీరాని ఇంగ్లీషు కలిపి ఆమెతో మాట్లాడేవాళ్లం. నెల తిరిగేసరికి సన్నాయికి ఆ భాష నోట్లో ఆడింది. నాకు కూరగాయల పేర్లు దాటలేదు.

ఇక శనివారం రిపోర్టు గురించి చెప్పాలి. దాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. వారం వారం ఒక కాగితం నింపి, ఫోటో తీసి మా మామయ్యకి పంపాలి. అందులో నాలుగు గడులు: కలిసిన ఇళ్లు, ప్రార్థించిన మనుషులు, రక్షణ నిర్ణయాలు (అంటే యేసుని నమ్ముతామని ఒప్పుకున్నవాళ్లు), మీ ప్రార్థన అవసరాలు. మొదటి రెండు గడులూ ఎలాగోలా నిండేవి. మూడో గడిలో నాలుగు వారాలు వరసగా సున్నా. నాకు చీమ కుట్టినట్టయినా లేదు. సన్నాయి మాత్రం ఆ సున్నా చుట్టేటప్పుడు పెన్ను పట్టుకుని పావుగంట కూర్చునేది.

ఐదో శనివారం నాలుగో గడిలో చాలాసేపు ఏదో రాసింది. నేను లాక్కుని చదివాను. "ఈ దేశంలో ఒక్క ఆత్మను నా చేత రక్షిస్తే, నాన్నను బతికించమని దేవునికి మొక్కుకుని వచ్చాను. మూడు వారాలే మిగిలాయి. పాస్టరుగారూ, నాకోసం ప్రార్థించండి."

"ఏంటే ఇది? దేవుడితో బేరమా?" అన్నాను.

"బేరమే. నా దగ్గర ఇంకేముంది చెప్పు ఇవ్వడానికి?" అంది.

ఆ గడి పాస్టరుగారు ఒక్కరే చదువుతారని సన్నాయి నమ్మకం. నేనూ అలాగే అనుకున్నాను. మా మామయ్య మంచివాడే, కానీ ఆయన నోట్లో నువ్వుగింజ కూడా నానదు. ఆదివారం ఆరాధనలో ఆ మూడు వాక్యాలూ గొంతు వణికిస్తూ చదివేశాడు. సంఘమంతా ఏడ్చింది. సన్నాయి పేరున గొలుసు ప్రార్థన మొదలుపెట్టి, ఇంటికొక గంట చొప్పున పంచేశారు. ఫోన్లు మోగడం మొదలైంది. "వచ్చిందా అమ్మా ఒక్క ఆత్మ?" అని ఒకరు, "మేం ఉపవాసం ఉన్నామమ్మా" అని ఇంకొకరు. ఏదో పరీక్ష ఫలితం అడిగినట్టు అడిగేవారు.

అదంతా ఒక ఎత్తు, వాళ్ల నాన్న ఒక ఎత్తు. మొక్కు సంగతి ఆయనకి అప్పుడే తెలిసింది. అప్పటిదాకా చావుకి సిద్ధపడి ఉన్న మనిషి మళ్లీ ఆశపడ్డాడు. రోజూ ఫోనులో మొదట అడిగేది అదే. సన్నాయి ఫోను పెట్టేసి వాకిలి గడప మీద కూలబడేది. ఆ రెండు వారాల్లో ఆమె తిరగని వీధి లేదు. చెప్పుల షాపులో, బస్టాండులో, ఆస్పత్రి వరండాలో, ఎక్కడ మనిషి కనిపిస్తే అక్కడ ఆగి మాట్లాడేది. వాళ్లు నవ్వుతూ వినేవారు, కూర్చోమనేవారు, నీళ్లిచ్చేవారు. ఒక్కడు కూడా కసురుకోలేదు. కసురుకున్నా బాగుండేది. అంత మర్యాదగా ఎవరూ కదలకపోతుంటే సన్నాయికి పిచ్చెక్కిపోయింది. తిండి మానేసింది. రోజుకి గంట నిద్రపోతే గొప్ప.

ఏడో వారం మధ్యలో ఒక మధ్యాహ్నం కుట్టు క్లాసు అయిపోయి అందరూ వెళ్లాక కుట్టక్క సన్నాయిని పట్టుకుని కూర్చోబెట్టింది. "ఏమైంది నీకు? చూస్తే చీపురుపుల్లలా అయిపోయావు" అని అడిగింది. సన్నాయి బోరుమని ఏడ్చి మొత్తం చెప్పేసింది. మొక్కు, నాన్న, సున్నాలు అన్నీ. నేను పక్కనే దారాలు చుడుతున్నాను.

కుట్టక్క అంతా విని, చేతిలో కత్తెర పక్కన పెట్టింది.

"ఇంతేనా? నేను మునుగుతా మీ నీళ్లలో. మీ నాన్న బతుకుతాడు కదా?" అంది.

"అలా కాదక్కా. ప్రభువుని నమ్మాలి."

"నువ్వు నమ్ముతున్నావుగా. నాకు నువ్వంటే నమ్మకం. మునుగుతా, మర్నాడు మా గుడికి వెళ్లి ఎందుకు మునిగానో చెప్పుకుంటా. అక్కడ ఎవరూ కోప్పడరులే."

"మీ అన్నగారు?"

కుట్టక్క కత్తెర మళ్లీ తీసుకుని, "ఆయన బాధపడతాడు. ఓర్చుకుంటాడు. మీ నాన్న అయితే చచ్చిపోతాడు కదా" అంది.

ఈ కబురు ఆంటీ చెవిన పడింది, ఆంటీ నుంచి అంకుల్‌కి చేరింది. ఆయన ఎగిరి గంతేశాడు. ఇరవై ఏళ్లుగా కదలని మనిషి కదిలిందంటే మరి! కుట్టక్క ఎందుకు ఒప్పుకుందో నేను చెప్పబోయాను. "దేవుడు ఏ దారిన పిలుస్తాడో నీకు తెలుసా?" అని నా నోరు మూయించాడు. ఆదివారం పొద్దున డాబా మీద బాప్తిస్మం అన్నాడు. శుక్రవారానికల్లా మా మామయ్య సంఘానికి ప్రకటించేశాడు.

సన్నాయి సంతోషపడుతుందనుకున్నాను. శనివారం మధ్యాహ్నం వాళ్ల నాన్నకి ఫోను చేసింది. నేనూ వినాలని స్పీకరు పెట్టింది.

"నాన్నా, ఆవిడ నమ్మి రావడం లేదు నాన్నా. నా ఏడుపు చూడలేక వస్తోంది. అది లెక్కలోకి రాదు. ఆపేద్దామనుకుంటున్నా."

అటువైపు ఆయాసం తప్ప ఏం వినపడలేదు. ఆయన పెద్ద మనసుతో, నీ ఇష్టం తల్లీ అంటాడని నేను ఎదురుచూశాను. అంత మంచి మనిషి మరి. చిల్లర లేని ముసలాళ్లకి తన జేబులోంచి టికెట్టు కొట్టిన మనిషి.

"అమ్మా, ఆవిడ ఒప్పుకుంది కదమ్మా" అన్నాడు చివరికి. "లోపల ఏముందో దేవుడు చూసుకుంటాడు. నువ్వు ఆపకమ్మా. నాకు భయంగా ఉంది. నాకు చావాలని లేదమ్మా."

సన్నాయి "సరే నాన్నా" అని ఫోను పెట్టేసింది. తర్వాత రిపోర్టు కాగితం తీసి, మూడో గడిలో ఏమీ రాయకుండా మడిచి బైబిల్లో పెట్టింది.

ఆదివారం పొద్దున డాబా మీద నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి నింపారు. అంకుల్ ప్యాంటు మడుచుకుని నిలబడ్డాడు. ఆంటీ ఫోను పట్టుకుని ఎండ ఎటునుంచి వస్తోందో చూసుకుంటోంది. వచ్చినవాళ్లు పదిమంది ఉంటారు. కుట్టక్క పాత బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని వచ్చింది. తొట్టిలోకి దిగి, నీళ్లు చల్లగా ఉన్నాయని వణుకుతూ నవ్వింది. అంకుల్‌కి ఇరవై ఏళ్లయినా ఆ భాష గట్టిగా రాదు. అందుకని ప్రశ్నలు అడిగే పని సన్నాయికి అప్పజెప్పాడు.

"యేసే నీ రక్షకుడని పూర్ణ హృదయంతో నమ్ముతున్నావా? అడుగమ్మా" అన్నాడు.

సన్నాయి అడగలేదు. తొట్టి దగ్గరికి వెళ్లింది. కుట్టక్క ఆమె కళ్లలోకి చూసి, అడుగు, అవునంటాను అన్నట్టు తల ఊపింది. అప్పుడు గమనించాను. ఆవిడ ఒక చేత్తో తొట్టి అంచు పట్టుకుంది, రెండో చెయ్యి నీళ్లలో గుప్పిట బిగించి ఉంది, పెదాలు కదులుతున్నాయి. వాళ్ల ప్రార్థనే ఏదో చెప్పుకుంటోంది. మా దేవుడి నీళ్లలో నిలబడి, మా సన్నాయి నాన్న కోసం, వాళ్ల ప్రార్థన.

సన్నాయి చెయ్యి చాపింది. "పైకి రా అక్కా, వద్దు" అంది.

"మీ నాన్న?"

"రా అక్కా, పైకి."

కుట్టక్క రాలేదు. సన్నాయే రెండు చేతులూ పట్టి లాగింది. నీళ్లన్నీ అంకుల్ మీద పడ్డాయి. ఆయన అరిచిన అరుపు కింద బట్టల కొట్టు దాకా వినపడింది. "నీ పాపం నీ తండ్రి నెత్తిన పడుతుంది" అన్నాడు. అంతటి మాట అన్నందుకు నేను ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టాను, అదీ తెలుగులో, అక్షరం పొల్లుపోకుండా ఆయనకి అర్థమయ్యేలా. దానికి నాకు ఇప్పటికీ విచారం లేదు. సన్నాయి ఇదేదీ వినలేదు. తన చున్నీతో కుట్టక్క తల తుడుస్తూ ఉండిపోయింది.

గురువారం వాళ్ల నాన్న పోయాడు. మిషను మీద ఉండగానే గుండె ఆగిపోయిందట. అది ఆ జబ్బులో మామూలేనని డాక్టరు చెప్పాడు. కానీ డాక్టరు మాట ఎవరికి కావాలి? డాబా మీద జరిగిందంతా అంకుల్ ఆదివారమే ఫోనులో మా మామయ్యకి చెప్పేశాడు. ఆయన నోటి సంగతి ముందే చెప్పాను.

మేం వచ్చేసరికి సమాధి కార్యక్రమం అయిపోయింది. ఇంటినిండా జనం. సన్నాయి లోపలికి అడుగుపెట్టగానే మాటలు ఆగిపోయాయి. వాళ్లమ్మ గోడకి చేరగిలి కూర్చుని ఉంది. సన్నాయి వెళ్లి ఒళ్లో తల పెట్టబోతే, ఆమె మోకాళ్లు పక్కకి తిప్పుకుంది.

"ఆవిడ దిగిందటగా నీళ్లలోకి?" అని అడిగింది.

"దిగిందమ్మా."

"నువ్వే లాగేశావటగా?"

"అవునమ్మా."

"నాన్న నీకు ఫోనులో చెప్పాడు కదే. బతిమాలాడు కదే. నేను పక్కనే ఉన్నాను." ఆ తర్వాత ఆమె గొంతు పెంచలేదు, ఏడవలేదు. "ఎవరో ఆవిడ నీకు మీ నాన్న కంటే ఎక్కువైపోయిందా?"

నాకు చెప్పాలని ఎంత ఉన్నా, ఆ ఇంట్లో ఆ రోజు నోరు విప్పే ధైర్యం నాక్కూడా లేకపోయింది.

ఇది జరిగి ఆరేళ్లయింది. సన్నాయి డిగ్రీ పూర్తిచేసి ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతోంది. తల్లీ కూతుళ్లు ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే కంచంలో కాకపోయినా ఒకే పూట తింటారు. కొట్లాటలేం లేవు. సాయంత్రం కుటుంబ ప్రార్థన దగ్గరే వస్తుంది చిక్కు. సన్నాయి వచ్చి మోకరిస్తే వాళ్లమ్మ ఆమెన్ అనకుండానే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. కూతురు స్కూలుకి వెళ్లాక, ఒంటరిగా, తలుపు వేసుకుని ప్రార్థన చేసుకుంటుంది. పాటల బృందంలో సన్నాయిని ఎవరూ వద్దనలేదు. తనే మానేసింది.

మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు ఇద్దరం వరండాలో కూర్చున్నాం. లోపల గిన్నెల చప్పుడు అవుతోంది.

"నాన్నని నేనే చంపానని అమ్మ అనుకుంటోంది. ఒక్కోసారి నేనూ అదే అనుకుంటా" అంది సన్నాయి.

"నోరుముయ్. మిషను మీద ఎంతమంది పోవడం లేదు?"

"అది కాదే. ఆయన చివరిసారి నన్ను అడిగింది అదొక్కటే కదా."

అడగకూడదని తెలిసే అడిగాను. "మళ్లీ ఆ డాబా మీద నిలబెడితే?"

సన్నాయి మొహం రెండు చేతులతో కప్పుకుంది. వంటింట్లో చప్పుడు ఆగింది.

"మళ్లీ లాగుతానే" అంది. "అదేనే నా బాధ."