నేను చెప్పిన సాక్ష్యం

మా ఇంటాయన మద్రాసులో లా చదివాడు. పగలంతా లా కాలేజీ, సాయంత్రం వ్యాపారం చదువు. రెండూ ఎందుకయ్యా అంటే, అది మా మామ పట్టుదల. బేతంచెర్ల దగ్గర మాకు బండలు తీసే గని ఉండేది. దాని హద్దు మీద పక్కవాళ్లతో కేసు నడిచింది. ఇంగ్లీషు కాగితంలో ఏముందో తెలియక మామ సగం గని పోగొట్టుకున్నాడు. కొడుకు లా చదివితే మిగిలిన గని నిలుస్తుంది, వ్యాపారం చదివితే బండలు దూరం ఊళ్లకు పోతాయి. ఆయన ఆశ అంతే.

నాకు గుణింతాల దాకానే వచ్చు. అందుకని ఆయన నాకు జాబు రాస్తే ఒక్కో అక్షరం వేరుశనగ గింజంత రాసేవాడు. అందులో సగం తిండి గోలే. సంగటి, ఊరిబిండి కలలోకి వస్తున్నాయని. క్లాసులో నోరు తెరిస్తే యాసకు కోస్తావాళ్లు నవ్వుతున్నారని. సాయంత్రం క్లాసులో టైపు మిషను మీద వ్యాపారం జాబులు కొట్టడం నేర్పేవాళ్లంట. ఒకసారి నాకే ఒకటి ఇంగ్లీషులో కొట్టి పంపాడు. ఇంట్లో ఎవరికీ రాదు, పోస్టాయనే చదివి చెప్పాల్సి వచ్చింది.

"పది దినాలుగా తమ దగ్గరినుండి జాబు లేదు, సరుకు వెంటనే పంపవలెను అని ఉండాదమ్మా. ఏం సరుకో చెప్తే నేనే మోసుకపోతా" అన్నాడు పోస్టాయన. సిగ్గుతో చచ్చిపోయాను.

వాళ్ల గదిలో ముగ్గురు. అంతకు ముందు ఆ గదిలో ఉన్న ఒకాయన దగ్గు పట్టి ఊరికి పోయి మళ్లీ రాలేదంట. ఆయన మంచం మా ఇంటాయనకిచ్చారు. కిటికీ పక్క మంచం దొరికిందని సంతోషంగా రాశాడు. నేనూ సంతోషపడ్డాను.

మొదటి ఏడు అయిపోయి ఎండాకాలం సెలవులకు వచ్చాడు. ఆ సెలవుల్లో ఆయనకు నేనే సాక్షిని. రొట్టెలు కాలుస్తుంటే వంటింటి గడప మీద కూర్చుని, కోర్టులో అడిగినట్టు అడిగేవాడు.

"ఏమ్మే సాక్షీ, మా అమ్మ నెయ్యి యాడ పెట్టింది?"

"ఉట్టి మింద."

"నువ్వు చూసినావా?"

"దినామూ ఆడనే గదా పెట్టేది."

"చూసినావా, లేదా?"

"లేదు."

"మరి ఎట్ల చెప్తాండావు? కండ్లతో చూసిందే చెప్పల్ల. అడిగినంతే చెప్పల్ల. నువ్వు అనుకునేది కోర్టుకు వద్దు."

"అట్లయితే మీ అమ్మను నిలబెట్టు. ఆయమ్మ చూడనివి శానా చెప్తాది."

"వింటాండా లేమ్మే!" అని లోపలి నుంచి అత్త అరిచేది. మేమిద్దరం కొంగు, తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్లం. నవ్వితే ఆయనకు దగ్గు తెర వచ్చేది. బండల ఊరిలో దగ్గని మనిషి ఎవరు? నేను పట్టించుకోలేదు.

ఒక పొద్దున బావి దగ్గర బట్టలు ఉతుకుతుంటే ఆయన తువ్వాలలో నెత్తురు కనబడింది. తడి చేతులతోనే పోయి అడిగాను.

"రాతి దుమ్ము. గొంతు గీసుకుంది, అంతే" అన్నాడు. నేను కదలకుండా నిలబడితే నా చెయ్యి పట్టుకున్నాడు. "ఇంగొక్క ఏడాది. నాయనకు తెలిస్తే రైలెక్కనీడు. నిన్ను అబద్ధం చెప్పమనడంల్యా. అడగకుంటే చెప్పాకు."

నాకూ ఆశ ఉండింది. దాచి ఏం లాభం? ఆయన నల్ల కోటు వేసుకుని కర్నూలు కోర్టుకు పోతే, కర్నూల్లో మాకొక ఇల్లు, అందులో మేమిద్దరమే. ఆ ఇంటి వాకిలి ఎటు ఉండాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. తువ్వాల రెండుసార్లు ఉతికి ఆరేశాను.

రేపు ప్రయాణమనగా మామ వంటింటి దాకా వచ్చాడు. ఆయన ఎప్పుడూ అట్లా వచ్చే మనిషి కాదు. నాతో ఏమున్నా అత్తతో చెప్పించేవాడు. తలుపు చాటుకు జరిగాను.

"అమ్మా, వాడు నెత్తురు ఉమ్మేది నువ్వు చూసినావా?"

నేను తువ్వాల చూశాను. ఉమ్మేది చూడలేదు.

"చూడలేదు మామా" అన్నాను.

మామ తల ఊపి వెనక్కి తిరిగాడు. ఇంకొక్క మాట అడిగి ఉంటే చెప్పేసేదాన్నని ఇన్నేళ్లుగా అనుకుంటున్నాను. ఏమో, చెప్పేదాన్నో లేదో. ఇది రాస్తున్న మా తమ్ముడి కూతురు కలం ఆపి, నువ్వు అబద్ధమైతే చెప్పలేదు కదా అంటోంది. చెప్పలేదు. రాయమ్మా, ముందుకు పో.

పరీక్షలకు రెండు నెలలుండగా ఇద్దరు స్నేహితులు ఆయనను రైల్లోంచి పట్టుకుని దించారు. కోటు భుజాల మీద నిలవడం లేదు. క్షయ అన్నారు, ముదిరిపోయింది అన్నారు. నన్ను గదిలోకి రానివ్వలేదు. కిటికీ దగ్గర నిలబడితే దూరం పొమ్మని చేత్తో చూపించేవాడు. మాట్లాడడానికి ఊపిరి లేదు. నెల తిరగకుండానే పోయాడు.

కర్మలన్నీ అయి చుట్టాలు వెళ్లిపోయాక, నేను మూల కూర్చుని ఉంటే మామ వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. నేనే నోరు తెరిచాను.

"తువ్వాలలో నెత్తురు చూసినా మామా. నేనే ఉతికినా."

తిడతాడనుకున్నాను. కొడతాడేమో అని కూడా అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నేను గని కాడ చూస్తి" అన్నాడు. "ఉమ్మి, కాలితో దుమ్ము కప్పినాడు. మదనపల్లె పక్క ఈ రోగానికి ఆసుపత్రి ఉండాదంటే విచారిస్తి గూడా. నువ్వు ఔనంటే బండెక్కనీకుండా పట్టుకుందామనుకుంటి. నువ్వు లేదంటివి. నాకూ ఆ మాటే కావల్ల గదమ్మా. నమ్మితి."

ఇద్దరం ఏడ్చాం. మామ నా ముందర ఏడవడం అదొక్కసారే. లేచిపోతూ, "మీ అత్తకు మాత్రం చెప్పాకు" అన్నాడు.

చెప్పలేదు. అత్త బతికినన్నాళ్లూ మద్రాసు నీళ్లను, మద్రాసు గాలిని, ఆ చదువును తిట్టింది. "వాటికేనమ్మే నా కొడుకు బలైంది" అని నా మొహం చూసి ఏడ్చేది. నేను ఊ కొట్టేదాన్ని.