మ్యూట్‌లో ముప్పై ఏళ్లు

ముడులక్క ఇంట్లో మొగుడితో పోట్లాడితే పక్కింటివాళ్లకు తెలియదు. గొంతు లేవదు. పెదవులు ఆడతాయి, కనుబొమలు పైకి పోతాయి, చూపుడువేలు గాలిని రెండుసార్లు పొడుస్తుంది. అంతే, ఆయన కిక్కురుమనకుండా లేచి, మంచం మీద పడేసిన తడి తువ్వాలు తీసి తీగ మీద ఆరేస్తాడు. స్కూలు బస్సు నడిపే మనిషి. రోజంతా పిల్లల కేకలు విని ఇంటికొస్తాడు. "మా ఆవిడ తిట్లే నాకు విశ్రాంతండీ" అని ఆయనే ఒకసారి నాతో అన్నాడు.

ఈ అలవాటు ఆమెకు మగ్గాల షెడ్డులో అబ్బింది. మా మిల్లులో నూట ఇరవై మరమగ్గాలు ఒకే కప్పు కింద ఆడతాయి. లోపల పక్కమనిషి చెవిలో నోరు పెట్టి అరిచినా వినపడదు. అందుకని అక్కడివాళ్లు అరవడం ఎప్పుడో మానేశారు. మాటను పెదవులతో పెద్దగా మలిచి, గొంతు లేకుండా వదులుతారు. నాలుగు వరసల అవతలివాళ్లు చూసి అందుకుంటారు. ఎవరి కూతురు పరీక్ష తప్పిందో, ఎవరు ఇల్లు మారుతున్నారో, మేస్త్రీ ఇవాళ ఇంట్లో ఏం జరిగి అంత చిరాకుగా ఉన్నాడో, అన్నీ ఆ హోరులోనే నిశ్శబ్దంగా తిరిగేవి. కొత్తగా వచ్చిన ప్రతివాళ్లకీ తెగిన పోగు ముడివేయడం నేర్పేది ఆమే కాబట్టి ముడులక్క అయింది. అసలు పేరు టైమాఫీసు రిజిస్టరులో ఉంది. ఆ రిజిస్టరు రాసేది నేనే అయినా, వెతికితే గానీ గుర్తురాదు.

కిందటేడు ఆమె మోకాలు మొండికేసింది. ఎనిమిది గంటలు నిలబడడం ఇక కుదరదని డాక్టరు కాగితం రాసిచ్చాడు. షెడ్డులో కూర్చుని చేసే పని ఒక్కటీ లేదు. సరిగ్గా అప్పుడే మా యాజమాన్యం దూరాన మరో ఊళ్లో కొత్త షెడ్డు కడుతోంది. దానికి పన్నెండు మందిని తీసుకున్నారు. పన్నెండు మందికీ మగ్గం సంగతి బొత్తిగా తెలియదు. షెడ్డుకు ఇంకా కప్పు పడలేదు గనక ఎవరిళ్లలో వాళ్లుండగానే వీడియో మీటింగులో పాఠాలు చెప్పించాలని మేనేజరు గారి ఆలోచన.

"మూడు క్లాసులు చూస్తాను" అన్నారాయన. "బాగుంటే ఈమెకి శిక్షకురాలి ఉద్యోగం, కుర్చీలో కూర్చునే పని. బాగోకపోతే రెడీమేడ్ వీడియో పాఠాలు కొనేస్తాం. ఆమె ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోవచ్చు."

ఆ విశ్రాంతి అన్న మాట ఆమెకు గుచ్చుకుంది.

"ఇంటికి పోతే నేను మాట్లాడేదెవరితో తమ్ముడూ?" అంది నా దగ్గరికొచ్చి. "ఆయనకి నా పెదాలు చూస్తే తిట్లొక్కటే అర్థమవుతాయి. మామూలు మాటలు రావు."

ఆమెకు వీడియో మీటింగు నేర్పే పని నాకు పడింది. ఆ విద్యలో నాకున్న అర్హత ఒక్కటే: చేయదగ్గ పొరపాట్లన్నీ అప్పటికే చేసి ఉన్నాను. హెడ్డాఫీసువాళ్లకు హాజరు పట్టిక చూపించబోయి, స్క్రీన్ షేర్ నొక్కి, బట్టతలకు మందు వెతుకుతున్న పేజీ చూపించాను. వాళ్లు మర్యాదస్తులు. చివరిదాకా హాజరు గురించే మాట్లాడారు.

మొదట పేర్లు నేర్పాను. మీటింగుకు లింకు ఉంటుందని, అది నొక్కగానే తిన్నగా లోపలికి పోలేమని, వెయిటింగ్ రూములో ఆగాలని, హోస్టు అనేవాడు రానిస్తేనే లోపలికని చెప్పాను.

"అంటే మన గేటు దగ్గర బల్ల. హోస్టంటే వాచ్‌మన్" అందామె.

"హోస్టు నేనే అక్కా."

"అదే అంటున్నా."

బ్యాండ్‌విడ్త్ దగ్గర నేను కాస్త తడబడ్డాను. నెట్ సన్నగా ఉంటే బొమ్మ ఆగిపోతుందని, నోరు తెరిచినవాడు తెరిచినట్టే గడ్డకట్టిపోతాడని, ఆ తర్వాత మాట ఆలస్యంగా వస్తుందని చెప్పాను. ఆమె ఒక క్షణం ఆలోచించింది. "షిఫ్టు వదిలాక మన చిన్న తలుపులోంచి మూడొందల మంది బయటపడాలి. అందరూ వస్తారు, కాస్త ఆగాలంతే. ఇంతేనా?" ఇంతే. నాకు ఇది అర్థం కావడానికి ఆర్నెల్లు పట్టింది.

"మరి మ్యూట్ అంటే?"

"మైకు మూసేయడం. మాట్లాడుతున్నట్టు కనిపిస్తారు, వినిపించదు."

ఆమె పగలబడి నవ్వింది. "ఇదేముంది! మేం ముప్పై ఏళ్లుగా మ్యూట్‌లోనే ఉన్నాం!"

నేనూ నవ్వాను. అప్పుడే జాగ్రత్తపడాల్సింది.

మొదటి క్లాసుకు ఆమెను స్టోరు గదిలో, నూలు కండెల పెట్టెల మధ్య కంప్యూటరు ముందు కూర్చోబెట్టాను. నేను టైమాఫీసులో నా కంప్యూటరు ముందు హోస్టునై కూర్చున్నాను. తెర మీద గళ్లు, గడికో ముఖం. ఆమె చెప్పడం మొదలెట్టింది. పెదవులు ఎంత చక్కగా ఆడుతున్నాయో! వేళ్లు పోగును చూపిస్తున్నాయి, కళ్లు మెరుస్తున్నాయి. మాట మాత్రం రావడంలేదు. మాట్లాడేవాళ్ల గడి చుట్టూ పచ్చటి అంచు వెలగాలి, వెలగలేదు. పన్నెండు మందీ చెవుల దగ్గర చేతులు పెట్టి తల అడ్డంగా ఊపుతున్నారు.

"అక్కా, అన్‌మ్యూట్ చేసుకోండి!" అని అరిచాను. తర్వాత చూద్దును కదా, ఆమె మైకు తెరిచే ఉంది. మూసుకుంది ఆమె గొంతు. అన్ని ముఖాలు ఎదురుగా కనబడేసరికి షెడ్డులో ఉన్నట్టే అనుకుని, అలవాటు కొద్దీ పెదవులతో చెప్పుకుపోతోంది.

నేను నా మైకు మ్యూట్ చేసుకుని, కప్పు కేసి చూసి, కడుపులో మాట ఒకటి కక్కేశాను. ఎవరూ వినలేదు కదా అని ప్రాణం తేలికపడింది.

అంతలో జడ ముందుకేసుకున్న ఒకమ్మాయి, తానూ మ్యూట్‌లోనే ఉన్నానన్న ధైర్యంతో, పక్కనున్న వాళ్లమ్మతో ఏదో అంది. ముడులక్క చటుక్కున ఆగింది. ఈసారి గొంతు విప్పింది.

"పంటి నొప్పి కాదమ్మా. నాకున్నది మోకాలి నొప్పి."

ఆ అమ్మాయి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఒకళ్ల వెనక ఒకళ్లు కెమెరాలు ఆపేసుకున్నారు. పన్నెండు ముఖాలు పోయి, పన్నెండు గళ్లలో పేర్ల మొదటి అక్షరాలు పన్నెండు మిగిలాయి.

"ఏమైంది తమ్ముడూ, తలుపులేసుకున్నారు?" అంది ఆమె.

మర్నాడు మేనేజరు గారు పిలిచి, మొదటి రోజే అందరూ కెమెరాలు ఎందుకు ఆపేశారని అడిగారు. "నెట్ సార్" అన్నాను. వీడియో మీటింగు నేర్చుకున్నవాడికి దొరికే మొదటి లాభం ఆ మాటే.

రెండో క్లాసుకు ఆయన కూడా వచ్చి కూర్చున్నారు, తన గదిలోంచే. ముడులక్క ఈసారి గొంతెత్తి మాట్లాడింది, పచ్చటి అంచు నిండుగా వెలిగింది. పోగులు కనిపించడానికి లావుపాటి ఎర్ర తాడు ముక్కలు రెండు తెచ్చుకుంది. ముడివేసింది. పిల్లలూ వేశారు. అందరి ముళ్లూ జారిపోయాయి. మళ్లీ వేసింది, మళ్లీ జారాయి.

"అక్కా, మీది ఎడమచేతి వాటమా?" అని జడమ్మాయే అడిగింది.

కాదు. జరిగిందేమిటంటే, మొదటి రోజు తెర మీద తన బొమ్మ చూసుకుని ఆమె గాభరాపడింది. తాను కుడిచేత్తో పట్టుకున్న పోగు బొమ్మలోని మనిషి ఎడమచేతిలో కనిపించింది. పిల్లలకూ అలాగే కుడి ఎడమై పోతోందనుకుంది. ఎవరికీ చెప్పకుండా, మూడు రోజులు ఇంట్లో కూర్చుని, ముప్పై ఏళ్ల ముడిని చేతులు మార్చి వేయడం నేర్చుకుంది. ఆ పట్టుదలలో తన చొక్కా బొత్తాలు కూడా ఎడమచేత్తో పెడుతోందని వాళ్లాయన వాపోయాడట. అయితే ఆ తెర ఎవరి బొమ్మను వాళ్లకే అద్దంలోలా చూపిస్తుంది. అవతలివాళ్లకు ఉన్నదున్నట్టే పోతుంది. ఈ ముక్క ఆమెకు చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఎందుకంటే నాకూ ఆ రోజే తెలిసింది.

మేనేజరు గారు గడియారం చూసుకున్నారు. "ఇంకొక్క క్లాసు" అన్నారు.

ఆ సాయంత్రం ఆమె నా బల్ల ముందు కూర్చుని, ఎర్ర తాళ్లను కుడిచేత్తో ముడివేస్తూ విప్పుతూ ఉంది.

"చేతులు అలవాటు మర్చిపోలేదులే" అంది. "మూడోది మగ్గం దగ్గరే చెప్తాను. పోగు ముడివేయడం ఎవరైనా నేర్పుతారు. మగ్గం వినడం నేర్పుతాను."

ఆమె చెప్పేదేమిటో మిల్లులో అందరికీ తెలుసు. అడ్డపోగు మోసే నాడె ఇటునుంచి అటు పరుగెత్తి పెట్టెలో దిగేటప్పుడు ఠక్కుమనాలి. దాన్ని కొట్టే పట్టీ వదులైతే ఆ దెబ్బలో చిన్న తడబాటు వస్తుంది. అది విని మగ్గం ఆపకపోతే నాడె దారిలో ఇరుక్కుంటుంది, పోగులు వందలకొద్దీ పుటుక్కుమంటాయి. అంత హోరులోనూ ముడులక్క వీపు వెనక మగ్గం తడబాటు పట్టేస్తుంది.

నేను కూడా నా పరువు దక్కించుకోవాలనుకున్నాను. షెడ్డులో ఆమె గొంతు స్పష్టంగా వినపడాలి కదా. ఫోనులో సెట్టింగులు వెతికి, రొద తొలగించేది దొరికితే, దాన్ని పూర్తి పైకి పెట్టేశాను. షెడ్డులో ఒక ముక్క రికార్డు చేసి, బయటికొచ్చి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూస్తే అద్భుతం. మగ్గాలు ఆడుతున్నాయి, చప్పుడు లేదు. ఆమె గొంతు మాత్రం గుసగుసలా హాయిగా వస్తోంది. ఈ దెబ్బతో ఆమె ఉద్యోగం ఖాయమనుకున్నాను.

మూడో క్లాసులో నేను ఫోను పట్టుకుని వెనక్కి నడుస్తున్నాను. ఆమె మగ్గాల మీద చెయ్యి ఆన్చి కుంటుతూ నా ఎదురుగా వస్తోంది. మెకానిక్ ముందే ఆ వరసలో ఐదు మగ్గాల్లో ఒకదాని పట్టీ వదులు చేసి పెట్టాడు. ఏది తడబడుతోందో విని, పిల్లలు తెర మీద చెయ్యెత్తే బొమ్మ నొక్కాలి. అది పరీక్ష. మొదటి మగ్గం, రెండోది, మూడోది, నాలుగోది. ప్రతిదాని దగ్గరా ఇరవై లెక్కపెట్టి ఆగింది. ఒక్క చెయ్యీ లేవలేదు.

"విన్నారా?" అంది ఫోను దగ్గరికి వంగి.

నా చెవిలో బిగించుకున్న ఇయర్‌ఫోనులో జడమ్మాయి గొంతు పలికింది. ఆ మాటే ముడులక్కకు పెదవులతో చేరవేశాను: "మగ్గాలు ఎప్పుడు ఆన్ చేస్తారు?"

ముడులక్క నా కేసి చూసింది. నేను ఫోను కేసి చూశాను. చేసిన ఘనకార్యం ఒప్పుకోక తప్పలేదు. నా పెదవులాట ఆమెకు మొదటి తరగతి పిల్లల రాతలాంటిది, అయినా చదివింది. యంత్రం మగ్గాన్ని రొద అనుకుని తీసేసిందన్నాను.

"దానికెవరు చెప్పారు, మగ్గం రొదని?" అన్నాయి ఆమె పెదవులు.

అసలు శబ్దం అని రాసి ఉన్నది నొక్కాను. తెరలో పన్నెండు తలలూ ఒక్కసారి వెనక్కి పోయాయి. మేనేజరు గారు ఇయర్‌ఫోన్లు పీకేసుకుని, మళ్లీ మెల్లగా పెట్టుకున్నారు. ఇక ఆమె మాట వినబడే ప్రశ్నే లేదు. ఆమెకు దాంతో పనీ లేదు. ఒక వేలు తన పెదవులకు చూపించింది, ఒక వేలు చెవికి చూపించింది. "నన్ను చూడండి. దాన్ని వినండి." నెమ్మదిగా, పెద్దగా మలిచి రెండుసార్లంది. మొదటి రోజు పంటి నొప్పి అనుకున్న పిల్లలు ఈసారి తలలూపారు.

మళ్లీ మొదటినుంచి వచ్చాం. మొదటి మగ్గం, లేదు. రెండు, లేదు. మూడు దగ్గర ఒక చెయ్యి లేచి, సిగ్గుపడి దిగిపోయింది. నాలుగో మగ్గం దగ్గర జడమ్మాయి గడిలో పసుపుపచ్చ చెయ్యి లేచింది. దాని వెనక ఇంకోటి, ఇంకో మూడు. ఇరవై లెక్క అయ్యేసరికి పదకొండు. పన్నెండో కుర్రాడు నోరు తెరిచి గడ్డకట్టి ఉన్నాడు. మేం ఐదో మగ్గం దగ్గరికి వెళ్లాక అతని చెయ్యి లేచింది.

బయటికొచ్చి తలుపు వేసి, ఫోను స్పీకరులో పెట్టగానే, "ఒకడు తప్పాడుగా" అన్నారు మేనేజరు గారు.

"తప్పలేదు సార్. వాడి చెయ్యి చిన్న తలుపులోంచి రావాలి. నాలుగో మగ్గం దగ్గర ఎత్తింది ఐదో దగ్గరికొచ్చి చేరింది" అంది ముడులక్క. కుర్రాడు బొమ్మ కదలగానే తల గట్టిగా ఊపాడు.

మేనేజరు గారు మ్యూట్ నొక్కుకుని, పక్కనున్న గుమాస్తా వైపు తిరిగి ఏదో అన్నారు. ముడులక్క తెర కేసి వంగి చూసింది, తర్వాత నిటారుగా అయింది.

"చేతులున్న కుర్చీ అయితే బావుంటుంది సార్. లేచేటప్పుడు ఆనుకోవాలి."

ఆయన మొహంలో రంగు మారింది. మైకు తెరిచి, "చేతులున్నదే వేయిద్దాం" అన్నారు. ఆ రోజు నుంచి ఆయన ఏ మీటింగులోనైనా మ్యూట్ నొక్కే ముందు కెమెరా ఆపుతారు.

కుర్చీ వచ్చిన రోజు నేనే స్టోరు గదికి మోయించాను. ఆమె కూర్చుని, చేతుల మీద చేతులు ఆన్చి, అటూ ఇటూ కదిలి చూసుకుంది.

"బావుంది తమ్ముడూ" అంది. "అన్నట్టు, మొదటి రోజు కప్పు కేసి చూసి, 'ఈ ముసలమ్మకి ఇవన్నీ ఎక్కుతాయా, నా ఖర్మ' అన్నావే."

నేను తలుపు కేసి జరిగాను.

"నీ రిజిస్టరులో నా పుట్టిన తేదీ చూసుకో. నీకంటే నాలుగేళ్లే పెద్ద."

చూశాను. మూడేళ్లే.