తాళంచెవి ఊళ్లో, పెట్టె ఖురంలో

ఏడో తరగతిలో లెక్కల సారు నన్ను బయట నిలబెడితే అటునుంచి అటే బడి వదిలేసి వచ్చినవాణ్ణి నేను. బ్యాంకు చరిత్ర చెప్పడానికి వీడెవడని మీరు అడగొచ్చు. కానీ ఇటలీలోని ఒక ఊరి పొదుపు బ్యాంకు ఎట్లా పుట్టి ఎన్ని చేతులు మారిందో నాకు పప్పు తాలింపు కన్నా బాగా తెలుసు.

అది రెండువేల ఏడూ ఎనిమిదీ నాటి మాట. మస్కట్‌లో, ఖురంలో మా కంపెనీ గెస్ట్‌హౌస్‌కి నేను వంటవాణ్ణి. అక్కడుండే ఇటలీ సారు ఉప్పునీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటులో ఫోర్‌మన్. నా చారును సూప్ అనుకుని రెండు గిన్నెలు తాగే మంచి మనిషి. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ కుంటివే. ఒకదాని భుజం ఒకటి పట్టుకుని నడిచేవి.

ఆయన గదిలో బీరువా మీద చిన్న ఇనుప పెట్టె ఉండేది. పైన నాణెం పట్టే సందు, ముందు తాళం. ఆ ఊళ్లో ఎవరికి బిడ్డ పుట్టినా బ్యాంకువాళ్లు అలాంటి పెట్టె ఇస్తారట. తాళంచెవి మాత్రం బ్యాంకులోనే ఉంటుంది. ఏడాదికోసారి పెట్టె పట్టుకెళితే వాళ్లే తెరిచి, ఖాతాలో వేసి, మళ్లీ తాళం వేసి ఇస్తారు.

"అంటే బ్యాంకోళ్లకు మీ మీద నమ్మకం లేదన్నట్టు," అన్నాను.

"మా మీద మాకే లేదు," అన్నాడాయన.

బ్యాంకు పెట్టింది ఊరి చర్చి ఫాదరూ, నలుగురు పెద్దమనుషులూ. రైతులు వడ్డీవ్యాపారుల చేతిలో పడకుండా చూద్దామని. దానికి యజమాని అంటూ లేడు, ఊరిదే. లాభమొస్తే ఆసుపత్రికో అనాథలకో పోయేది. తర్వాత చట్టం మారింది. బ్యాంకును వాటాలు చేసి, ఆ వాటాలను ఊళ్లోనే ఒక ధర్మసంస్థ చేతిలో పెట్టారు. ధర్మసంస్థ వాటిని పక్క పట్నం బ్యాంకుకి అమ్మింది. దాన్ని ఇటలీ ఉత్తరాది బ్యాంకొకటి మింగింది. మింగింది అరగక, కొన్ని శాఖలను ఇంకో బ్యాంకుకి అమ్మేసింది. ఈ ఊరి శాఖ కూడా మందలో మేకలా అటు పోయింది.

"మా క్యాంపూ గంతే సారూ. కంపెనీ చేతులు మారుతనే ఉంటది. గదే మంచం, గవే నల్లులు."

"మీరు అదృష్టవంతులు. మాకు నల్లులు కూడా కొత్తవే వచ్చాయి."

ఒకరోజు ఇటలీ నుంచి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది. కొత్త యజమాని ఆ శాఖను ఈ నెలాఖరుకి మూసేస్తున్నాడట. ఆ పూట సారు చారు ముట్టలేదు. మొదటిసారి ఆయన పరదేశం పోతున్నప్పుడు బస్సు ఎక్కించడానికి వచ్చిన తల్లి, కొంగున ఉన్న చిల్లర ఈ పెట్టె సందులో వేసిందట. ఆయన తిరిగి వెళ్లేలోపే ఆమె పోయింది. అప్పటినుంచి పెట్టె తెరవలేదు. శాఖ మూస్తే తాళంచెవులు ఏ చెత్తకుప్పలో పడతాయో.

"మత్రా బజార్ల తాళాలు చేసే కాకా ఉన్నడు. చిటికెల తీస్తడు. అయినా సారూ, మీ దగ్గర యూరో వచ్చినంక ఆ పాత పైసలు ఇప్పుడు చెల్లవు గదా?"

"చెల్లవు. తీయడానికి నాకు కాకా కూడా అక్కర్లేదు, స్క్రూడ్రైవర్ చాలు." పెట్టెను ఒళ్లో పెట్టుకున్నాడు. "దాచినవాడు తెరవకూడదు. మా అమ్మ నేర్పింది అదొక్కటే."

నా నోట్లో తయారుగా ఉన్న జోకును మింగేశాను.

కంపెనీతో పోట్లాడి సెలవు తీసుకుని, పెట్టెను చొక్కాల మధ్య చుట్టుకుని సారు విమానం ఎక్కాడు. ఆ సాయంత్రం, ఇల్లు ఊడ్చి తుడిచే కడప అక్క చేతిలో గుడ్డతో వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అబ్బీ, సారు పెట్టె ఎత్తుకోని పోయినాడే. కొండకేనా?"

"ఏ కొండకక్కా?"

"యా కొండేంది? మొక్కుబడి హుండీ గదా అది! తాళంచెవి ఈడుండదు, ఆడికి బోయి వాళ్లతోనే తీపియ్యాలని నువ్వే జెప్తివి."

చెప్పిన మాట నిజమే. బ్యాంకు అని చెప్పడమే మరిచాను.

"సారు ఒగ నాడన్నా అందులో ఏసింది ల్యా. పెద్దాయన, మొక్కు మర్సిపోయినాడేమో, సామికి కోపమొస్తాదేమోనని శనివారం శనివారం నేనే ఏస్తాంటి."

"ఏమేసినవే తల్లీ?"

"బైసాలు. నా జీతంలోవే అబ్బీ, సారు జేబులోవి గాదు."

తల్లి వేసిన ఆఖరి చిల్లర మీద ఏడాదిగా ఒమాన్ బైసాలు పడుతున్నాయన్నమాట. సారుకి ఫోన్ చేద్దామంటే ఆయన ఆకాశంలో ఉన్నాడు. అక్క మొహం చూసి, "మంచి పనే చేసినవ్" అన్నాను. ఆ వారమంతా నేను వండిన కూరల్లో ఉప్పు ఉందో లేదో నాకే తెలియదు.

సారు వచ్చాడు. బల్ల మీద పెట్టె పెట్టి, మమ్మల్నిద్దరినీ పిలిచి కూర్చోబెట్టాడు. బ్యాంకు శాఖలో కొత్త బోర్డు కింద కూర్చున్న అమ్మాయి, తాళంచెవులు మాకు అమ్మలేదు, పాత బ్యాంకుని అడగమందట. పాత బ్యాంకు ధర్మసంస్థని అడగమందట. చివరికి అక్కడే దొరికాయి. బ్యాంకును అమ్మేసినా తాళంచెవులను మాత్రం వాళ్లు అద్దాల పెట్టెలో అందంగా వేలాడదీశారు. అక్కడి ముసలాయన ఊరి పద్ధతి ప్రకారం నిలబడి తాళం తీశాడు. బల్ల మీద ఒమాన్ కత్తుల బొమ్మలున్న నాణేలు దొర్లాయి.

"ఆయన నన్ను చూశాడు. నేను పెట్టెను చూశాను. మా అమ్మ ఒమాన్ ఎప్పుడొచ్చింది అనుకున్నాను."

నేను అక్క వైపు చూడకుండా ఉందామనుకున్నాను. ఆమే చెయ్యెత్తింది. సంగతంతా నేను కుంటి ఇంగ్లీషులో చెప్పాను. సారు పెట్టెను ఆడించాడు. గలగలమంది. అమ్మవీ అక్కవీ కలిపే మళ్లీ లోపల వేయించుకొచ్చాడు. ముసలాయన తాళంచెవి కూడా ఇచ్చేశాడట. దాన్ని అక్క ముందు పెట్టాడు.

అక్క వెనక్కి జరిగింది. "వొద్దు సారూ, ఏసేదాని చేతిలో తాళంచెవి ఉండగూడదు."

నేను ఆ మాటను ఇంగ్లీషు చేస్తుండగానే సారు తాళంచెవిని నా వైపు తోశాడు. ఊరి సొత్తుగా పుట్టి, వాటాలై, పట్నానికీ ఉత్తరాదికీ అమ్ముడుపోయిన బ్యాంకులో ఎవరూ కొనని ముక్క అదొక్కటే. దాన్ని నా మొలతాడుకు కట్టుకున్నాను.

అప్పటినుంచి శనివారం వాళ్లిద్దరూ తలో నాణెం వేసేవాళ్లు. "చెప్పులు ఇడ్సు సారూ," అని అక్క కసురుకునేది. సారు చెప్పులు విడిచి, నాణెం వేసి, వంటింట్లోకి తొంగిచూసి, "బ్యాంకు తెరిచే ఉందా?" అని అడిగేవాడు.

నేను నడుం తడుముకుని చూసుకునేవాణ్ణి. "భోజనాల టైం సారూ. రేపు రండి."