బాగున్నారా అని రోజూ అడగకూడదట

డెబ్బైల చివర్లో మా కొట్టు వన్‌టౌన్‌లో, రేవుకి వెళ్లే దారిలో ఉండేది. ఇనప ఖనిజం నింపుకోవడానికి జపాను ఓడలు వచ్చేవి. సాయంత్రమయ్యేసరికి ఆ ఎర్రధూళి వాలుపొద్దు ఎండలో తేలుతూ, మా వీధిని ఎవరి కలలోనో వీధిలా చేసేసేది. ఆ ధూళిలోంచి ఓడవాళ్లు, నేల ఇంకా ఊగుతోందన్నట్టు మెల్లగా నడిచొచ్చేవారు. మేం వాళ్లకి శాలువాలూ, గేదె కొమ్ముతో చేసిన పక్షులూ అమ్మేవాళ్లం. విశాఖపట్నం ఉక్కలో ఉన్ని శాలువాలు అమ్మిన వంశం మాది. సిగ్గనే సరుకు మా కొట్లో ఎప్పుడూ లేదు.

గుమ్మం ఎక్కినవాణ్ని ముందు "బాగున్నారా" అని అడగాలి, ధర తర్వాత. అది నాన్న పద్ధతి. పొద్దున్న వచ్చినవాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చినా అడగాల్సిందే. బాగున్నానని ఒప్పుకున్న మనిషి బేరంలో మరీ మొండికెయ్యలేడని ఆయన సిద్ధాంతం.

ఒకసారి ఒక జపాను ఓడలో వంటాయన, జుట్టు నెరిసిన మనిషి, నీలం శాలువా దగ్గర ఆగిపోయాడు. చేతులతో తన భుజాలు చుట్టుకుని, భార్యకని సైగ చేశాడు. ధర కుదరలేదు, రేపొస్తానని వెళ్లాడు. ఓడ కదిలేలోగా ఆ శాలువా అతనికే అమ్మాలని నాకు పంతం పట్టుకుంది. పక్క కొట్లో టోపీలమ్మే సాయిబుకి అన్ని దేశాల పలకరింపులూ వచ్చు. వెళ్లి అడిగాను.

"భాయ్, జపానోళ్లని బాగున్నారా అని ఎలాగడగాల?"

"ఒగెంకి దెస్‌కా అను బావా. నవ్వుతా అను. లేపోతే నీ మొకం సూసి పారిపోతాడు."

మర్నాడు అన్నాను. వంటాయన ముఖం వెలిగిపోయింది. నడుం వంచి గబగబా ఏదో చెప్పాడు. బేరం మాత్రం తెగలేదు. ఆ తర్వాతి రోజూ అన్నాను. కాస్త ఆగి తలూపాడు. ఇంకో రోజు అన్నప్పుడు చెంపలు తడుముకుని, మా గోడ అద్దంలో నాలుక చూసుకున్నాడు. శాలువా వైపు చూడకుండానే వెళ్లిపోయాడు. మరి రాలేదు.

"ఏటైందిరా ఆ శాలువా బేరం?" అన్నాడు నాన్న.

"వత్తాడు నాన్నా."

"ఎదర కొట్టోడు లాగేసుంటాడు. నువ్వు గుమ్మంలో కూకుని దిక్కులు సూడు."

దిక్కులే చూశాను. ఓడల కూతలు నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టుండేవి. ఆ ధూళిలో ప్రతి నెరిసిన తలా అతనిదే అనిపించేది. రేపో మాపో ఆ ఓడ వెళ్లిపోతుందని రేవు కూలీలు అనుకుంటున్నారు.

అంతలో అదే ఓడ నుంచి, ఇంగ్లీషొచ్చిన కుర్ర ఆఫీసరొకడు కొమ్ము పక్షి కొనడానికొచ్చాడు. సంగతి చెబితే పగలబడి నవ్వాడు. వాళ్ల దేశంలో ఆ మాట చాన్నాళ్లకి కనబడినవాళ్లనే అడుగుతారట. రోజూ కనబడే మనిషిని రోజూ అడిగితే, ఒంట్లో ఏదో తేడా కనిపెట్టారని అతను బెంగపడడా? వంటాయన రేవులో డాక్టరు దగ్గరకెళ్లి చూపించుకున్నాడట కూడా!

"మరి రోజూ కలిసేవాళ్లతో ఏమంటారు?"

"వేడిగా ఉంది కదా అంటాం. అత్సుయ్ దెస్ నే. అంతే."

విశాఖలో ఏడాది పొడుగునా అబద్ధం కాని మాట అదొక్కటే. వంటాయనకి ఏ జబ్బూ లేదని, జబ్బంతా నా పలకరింపుదేనని అతనితోనే కబురంపాను.

మర్నాటి సాయంత్రం వచ్చాడు. గుమ్మంలోనే అనుమానంగా ఆగాడు. నేను ఆకాశంకేసి చూసి, "అత్సుయ్ దెస్ నే" అన్నాను. అతనూ ఆకాశం చూశాడు. పొడుగ్గా ఊపిరి వదిలి, అదే మాట అన్నాడు. ఇద్దరం అలాగే నిలబడిపోయాం. వెలుతురు ఎరుపు నుంచి ఊదాకి తిరిగింది. ఎవరిది ఏ దేశమో తెలియని కాసేపది. బేరం సంగతే మర్చిపోయాను. మా ఇంటా వంటా లేని రోగం.

అతను మర్చిపోలేదు. నుదుటి చెమట తుడుచుకుని, వేలితో ఉన్ని శాలువా చూపించి, మళ్లీ "అత్సుయ్ దెస్ నే" అన్నాడు, ఈసారి కళ్లు చికిలించి నవ్వుతూ. ఇంత వేడిలో ఇదెవరు కొంటారయ్యా అని! వేడని ముందు ఒప్పుకున్నది నేనే కదా. అతనన్న ధరకే పొట్లం కట్టిచ్చాను.

"అమ్మీసేవేటి? ఎంతకి?" లోపల్నుంచి నాన్న కేకేశాడు.

"ఉక్క మా సెడ్డగా ఉంది నాన్నా," అన్నాను.