ఐదొందల పన్నెండు బైట్లలో ఒక అప్పా

నిన్న పొద్దున మునిరత్నం తమ్ముడు ఫోన్ చేసి "అన్న పోయినాడన్నా" అన్నాడు.

"యాడికి?" అని అడిగాను. ఎప్పుడూ బైక్ మీద ఎక్కడికో పోయే మనిషి కదా.

హార్ట్ ఎటాక్ అట. మొన్న సాయంత్రం షాపు షట్టర్ ఇద్దరం కలిసే దించాం. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

తెలియనివాళ్లకి చెబుతున్నా. తిరుపతిలో మా ఇద్దరిదీ కంప్యూటర్ రిపేర్ షాపు. కౌంటర్ నాది, మెషిన్లు వాడివి.

బంగారుపాళ్యం దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో అన్నీ పాత కంప్యూటర్లే. పెన్‌డ్రైవ్ పెట్టి మర్చిపోతే మరుసటి రోజు ఆన్ కావు. నల్ల స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఏదో ఎర్రర్ వస్తుంది. గేటు దగ్గర కాయల లారీలు ఆగిపోతాయి. వాళ్లు భయపడి ఫోన్ చేస్తారు.

ముని అంత దూరం పోయి, పెన్‌డ్రైవ్ పీకి, టీ తాగి వచ్చేవాడు.

చివరికి విసుగొచ్చి సొంతంగా ఒక ఫార్మాటింగ్ టూల్ రాశాడు. దాంతో వాళ్ల పెన్‌డ్రైవ్‌లు ఫార్మాట్ చేస్తే, కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా చదివే బూట్ సెక్టర్‌లో, అంటే పెన్‌డ్రైవ్ మొదట్లో, వాడి కోడ్ కూర్చుంటుంది. పెన్‌డ్రైవ్ మర్చిపోయి ఆన్ చేసినప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లో మన మాట వస్తుంది.

"పెన్‌డ్రైవ్ ఉండాది. తీసి మళ్లా ఆన్ చెయ్యప్పా."

కింద వాడి పేరు.

కానీ అక్కడ చోటు ఐదొందల పన్నెండు బైట్లే. అన్నీ పట్టలేదు. "అప్పా తీసేయ్, సరిపోతుంది" అన్నాను.

"అప్పా లేకుంటే కసిరినట్టుంటాది. ముందే బయపడి ఉండేవాళ్లను కసిరేదేంది?" అని తన పేరు తీసేశాడు.

చేసినోడి పేరు లేని సాఫ్ట్‌వేర్ అని వాడిని ఎంత ఏడిపించానో.

ఆ సీజన్‌లోనే ఫ్యాక్టరీ వాచ్‌మన్ ఫోన్ చేశాడు. "సార్, కంప్యూటర్ నన్ను అప్పా అంటా ఉండాది. తీసేసినాను, ఆన్ అయినాది."

ముని ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ఇప్పుడు వినాలని ఉంది.

ఈ రోజు ఇంట్లో ఉండలేక షాపు తెరిచాను. వాడి టేబుల్ మీది పాత మెషిన్ ఆన్ చేశాను. వెనకాల పెన్‌డ్రైవ్ ఉంది. అందరికీ చెప్పినోడు, తనే తీయడం మర్చిపోయాడు.

"తీసి మళ్లా ఆన్ చెయ్యప్పా."

తీయలేకపోయాను మునీ.

అప్పా అనేవాళ్లు తిరుపతి నిండా ఉన్నారు. నాకు నువ్వు పిలిచే అప్పానే కావాలి. అందుకే స్క్రీన్ అట్లాగే వదిలేసి కూర్చున్నాను.

పోయిరా. ఎవరి ఫోనూ రాని చోట ప్రశాంతంగా పడుకో అప్పా.